ఖిడ్కీలోంచి చాచిన చెయ్యి

మా ఇంట్లో సెలవులంటే క్రైస్తవ సభలే. లోకంలో మొగుడూ పెళ్లాలు సెలవులకు చుట్టాలిళ్లకు పోతారని, జాతరలకు పోతారని, బయస్కోపు చూస్తారని నేను వినడమే. మా ఆయన మిషన్ బడిలో పంతులు. బడికి సెలవిచ్చిన సాయంత్రమే ట్రంకు పెట్టె అటక మీంచి దిగేది. అందులోకి నా చీరల కంటే ముందు ఆయన పాటల పుస్తకం ఎక్కేది. ఎండాకాలం ఒక ఊరి సభలు, దసరాకు ఇంకో ఊరి సభలు, క్రిస్మస్ మర్నాడు మెదక్ దిక్కున ఒక మిషన్ ఊళ్లో అన్నిటికంటే పెద్ద సభలు. నేను చూసిన ఊళ్లన్నీ పందిరి గుంజల మధ్య నుంచి చూసినవే. ఒకసారి గోదావరి ఒడ్డున సభలు జరిగాయి. నది ఎట్లా ఉందని ఇంటికొచ్చాక మా అమ్మ అడిగింది. ప్రసంగం అయ్యేసరికి చీకటి పడింది, చప్పుడు మాత్రం విన్నానని చెప్పాను.

అయినా ఒక్క ప్రయాణం కూడా నేను మానలేదు. రైలంటే నాకు పిచ్చి. కిటికీ పక్కన కూర్చుని జొన్నచేలు వెనక్కి పోతుంటే చూడడం కోసం ఎన్ని ప్రసంగాలైనా వింటాను.

ప్రయాణాల్లో నాకు చికాకు తెప్పించేది ఒక్కటే, బయలుదేరే ముందు మా ఆయన చేసే ప్రార్థన. సద్ది కట్టి, మరచెంబులో నీళ్లు పోసి, పిల్లకు జడ వేసి, పరుపు చుట్టిన బిస్తరుకు తాడు బిగించి, టాంగా గుమ్మం ముందు నిలిచాక అప్పుడు ఆయన కళ్లు మూసుకునేవాడు. ఇంజను నడిపేవాడి కోసం, బొగ్గు వేసేవాడి కోసం, జెండా ఊపేవాడి కోసం ప్రార్థించేవాడు. రైలు దిగాక మమ్మల్ని ఎక్కించుకోబోయే ఎడ్లబండి ఇరుసు కోసం, ఆ ఎడ్ల కాళ్ల కోసం, ఆ కాళ్లు దాటబోయే వాగు కోసం ప్రార్థించేవాడు. చివరికి మేం లేనప్పుడు ఎలుకల పాలు కాకూడని బియ్యం కుండ కోసం కూడా. ఒక ఏడు, రైలు అందేలా చూడమని ఎంత తీరిగ్గా వేడుకున్నాడంటే, కాచిగూడ స్టేషన్లో కదులుతున్న రైల్లోకి నన్నూ పిల్లనూ పెట్టెనూ ఒకే ఊపులో తోయాల్సి వచ్చింది. రొప్పుతూ కూలబడి, దేవుడు విన్నాడు చూశావా అన్నాడు. విన్నాడు గాని, మీరు కాస్త తొందరగా వినిపించి ఉంటే బాగుండేదని అన్నాను.

ఈ జబ్బుకు మందు కనిపెట్టింది మా గల్లీ టాంగా భాయ్. మా ఆయన ఎక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడో ఆ మనిషి కనిపెట్టేశాడు. ఆ సందు చూసి బయటి నుంచి గట్టిగా "ఆమీన్" అనేవాడు. ఆమేన్ విన్న తర్వాత ప్రార్థన సాగదీయడం మర్యాద కాదు గనుక మా ఆయన కూడా ఆమేన్ అని కళ్లు తెరిచేవాడు. ఎవరు ముగించారో ఆయనకు తెలిసేది కాదు. నేను చెప్పలేదు కూడా.

మేం లాల్‌దర్వాజా నుంచి మొఘల్‌పురా వైపు మళ్లే గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. చిన్న వాకిలి, రెండు అర్రలు, వంటకు ఒక చావడి. మా వాకిలికీ పక్కింటి వాకిలికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో చెక్క రెక్క ఉన్న ఒక ఖిడ్కీ, పిల్లలైతే దూరి పోయేంత, పెద్దవాళ్లైతే పళ్లెం అందించేంత. గోడకు అవతల ఒక ముసలమ్మ ఉండేది. మా గల్లీలో హిందువులకూ తురకలకూ మాకూ అందరికీ ఆమె ఫూఫీయే, అంటే మేనత్త. మొగుడు పోయిన ఇల్లు, దూరపు చుట్టం ఒకామె వండిపెట్టేది. ఫూఫీ పరదా మనిషి. రైలు ఎక్కడం సరే, దగ్గర నుంచి చూసింది కూడా లేదు. ఆమె ప్రయాణాలన్నీ మా ప్రయాణాలే. మేం తిరిగి రాగానే ఖిడ్కీ దగ్గర పీట వేసుకుని కూర్చుని, ఏ స్టేషన్లో ఏం అమ్మారు, బండివాడు ఎక్కడ ఆపాడు, వాగులో నీళ్లు ఎంతున్నాయి అని అన్నీ అడిగేది. ప్రసంగాల సంగతి మాత్రం అడిగేది కాదు. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

మేం బయలుదేరే రోజు ఫూఫీ ఇమామ్ జామిన్ కట్టేది. ఊరికి పోయేవాళ్ల కుడి దండచేతికి, ఒక నాణేన్ని పట్టుగుడ్డలో చుట్టి కట్టే పట్టీ అది. జామిన్ అంటే పూచీ. దారిలో ఈ మనిషికి మీరే పూచీ అని ఇమాముకు అప్పగించడం. క్షేమంగా చేరాక ఆ నాణేన్ని బీదవాళ్లకు ఇచ్చేయాలి. పట్టీ తిరిగి వచ్చేదాకా దాచుకోవాలి. నాకూ మా పిల్లకూ ఆమె ఖిడ్కీలోంచే కట్టేది. మా ఆయన ముందుకు రాదు గనుక ఆయనది నా చేతికిచ్చి కట్టమనేది.

మా ఆయన కట్టుకునేవాడు కాదు. మన భారం దేవుని మీద ఉంది, మళ్లీ ఇంకొకరి పూచీ ఎందుకని నవ్వేవాడు. మా చేతులకు ఉన్నవాటిని రిబ్బన్లని లెక్కేసుకుని వదిలేసేవాడు. తనదాన్ని మాత్రం దీపపు గూట్లో పెట్టి వచ్చేవాడు. అందులోని నాణేన్ని నేను చాటుగా తీసుకుని, దిగిన స్టేషన్ బయట ఎవరికో ఒకరికి ఇచ్చేదాన్ని. ఆయన కట్టుకోని సంగతి ఫూఫీకి తెలియనివ్వలేదు. ఎందుకంటే ఒకే ఒక్కసారి, గోడకు తల ఆనించి, ఆమె నాకు చెప్పింది. ఆమె మొగుడు గుల్బర్గా పోయే పొద్దున ఇద్దరికీ ఏదో మాట పట్టింపు వచ్చిందట. కోపంతో, పట్టీ కట్టించుకోకుండానే పోయాడట. అక్కడ జ్వరం తగిలింది. మనిషి మళ్లీ రాలేదు. ఉత్త చేతితో పోయిండు బిడ్డా అని, అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు మా ఆయన పట్టా గొడవ చెప్పాలి. పంతులుద్యోగం కడుపుకు, ప్రసంగం ప్రాణానికి అన్నట్టు ఉండేవాడాయన. అయితే ఆయనంతట ఆయన చర్చిలో ప్రసంగం చెప్పడానికి లేదు. క్రిస్మస్ సభల మొదటి రోజున పెద్దల ముందు ఒక ప్రసంగం చెప్పి మెప్పించాలి, అప్పుడు పట్టా ఇస్తారు. ఒక ఏడు చెప్పాడు. ఎంతకీ ఆపకపోతే గంట కొట్టి కూర్చోబెట్టారు. మరుసటేడు కూడా చెప్పాడు. మాటలు గొప్పగా ఉన్నాయి గాని పుస్తకాల్లోంచి వచ్చినట్టున్నాయి, నీ ఇంట్లోంచి, నీ గల్లీలోంచి ఒక ముచ్చట చెప్పవయ్యా అన్నారు పెద్ద అయ్యగారు. పెద్ద అయ్యగారంటే ఆ సభలకు పెద్ద పాదిరి. పండు తల, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన మాట మా ఆయన మనసులో పడింది. ఈసారి పట్టా రాకపోతే ఇక తన బతుకు గుణింతాలు దిద్దించడంతోనే అయిపోతుందని దిగాలుగా చెప్పాడు. చెప్పిన తీరు చూసి నాకు నిజంగానే బాధేసింది.

సాధన మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాని రోజులు, అంచేత మా గల్లీలో పెద్ద లొల్లి ఏదన్నా ఉందంటే అది మా ఆయన గొంతే. రోజూ బడి నుంచి రాగానే వాకిట్లో గోడకు ఎదురుగా నిలబడి ప్రసంగం చెప్పేవాడు. ఆ గోడకు చెబితే గొంతు తిరిగొచ్చి బాగా వినిపిస్తుందట. గోడ అవతల మనిషి ఉందన్న ధ్యాస ఆయనకు లేదు. ఫూఫీ రోజూ వినేది. మర్నాడు ఖిడ్కీ దగ్గర నాకు తీర్పు కూడా చెప్పేది. మొన్న మస్తుగ చెప్పిండు, నిన్న గొంతు కూసుంది, జెర మిరియాల కషాయం తాపు అని. పెద్ద అయ్యగార్ల కంటే ఆమె నయం. ఏ రోజూ గంట కొట్టలేదు.

పండుగ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం, నేను గరిజెలు, అదే కజ్జికాయలు, వేయిస్తుండగా, ప్రసంగంలో కొత్త మాట వినిపించింది. పక్కింట్లో ఒక తెలివిలేని ముసలమ్మ ఉందట. దారిలో కాపాడేవాడెవరో ఎరగక, పైసాకు గుడ్డ చుట్టి చేతులకు కడుతుందట. తాను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కట్టుకోలేదట, గూట్లో పడేసి పోయాడట, తనకేమైనా అయిందా అని గోడను అడుగుతున్నాడు. ఇంట్లోంచి, గల్లీలోంచి ముచ్చట చెప్పమంటే మా ఆయనకు దొరికిన ముచ్చట అది.

చిల్లుల గరిటె నా చేతిలో అట్లాగే ఉండిపోయింది. గోడ అవతల ఖిడ్కీకి గొళ్లెం పడిన చప్పుడైంది. ఆ ఖిడ్కీకి గొళ్లెం ఉందనే సంగతి నాకు అంతవరకూ తెలియదు.

క్రిస్మస్ రోజు గరిజెల పళ్లెం పట్టుకుని ఖిడ్కీ తట్టాను. తెరవలేదు. పిల్ల చేతికిచ్చి గల్లీలోంచి చుట్టూ తిప్పి పంపాను. పళ్లెం తీసుకున్నారు, మధ్యాహ్నానికి తిప్పి పంపారు. కడిగి, తుడిచి, ఖాళీగా. మా గల్లీలో పళ్లెం ఏదీ ఖాళీగా తిరిగి రాదు. ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరన్నా వేసి పంపుతారు. ఆ ఖాళీ పళ్లెం చూసి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపాన్ని మా ఆయన మీద ఖర్చు పెట్టాను.

నేను చెప్పింది అబద్ధమా అని మొదలుపెట్టాడు. అబద్ధం కాదు, మీరు తలుచుకున్నంత నిజం కూడా కాదు అన్నాను. మీరు ఇంజను కోసం, ఎడ్ల కోసం, బియ్యం కుండ కోసం అడుగుతారు. ఆమె మన ముగ్గురి కోసం అడుగుతుంది. ఇంతకీ ఆమె అడిగేది మనం తిరిగి రావాలనే గదా అన్నాను. తర్వాత, ఫూఫీ దగ్గర నేను దాచిన సంగతి, గుల్బర్గా సంగతి చెప్పేశాను.  ఆ పూట మా ఆయన గోడకు ప్రసంగం చెప్పలేదు.

మర్నాడు ప్రయాణం. ట్రంకు గుమ్మంలోకి వచ్చింది, టాంగా వచ్చింది, ఖిడ్కీ మూసే ఉంది. నా చెయ్యి బోసిగా తోచింది. మా పిల్లయితే కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, ఫూఫీ ఇంక లేవలేదా అని అడుగుతోంది. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. ఇంజను నడిపేవాడి దాకా వచ్చాడు, బొగ్గు వేసేవాడి దగ్గర తడబడ్డాడు, ఆపైన మాట రాలేదు. బయటి నుంచి టాంగా భాయ్ ఆమీన్ అననే అన్నాడు. పాపం, ఆ మనిషికి అంత తొందరగా సందు దొరకడం అదే మొదటిసారి.

మా ఆయన కళ్లు తెరిచి తిన్నగా గోడ దగ్గరికి నడిచాడు. ఇన్నేళ్లలో ఫూఫీతో ఒక్క మాట నేరుగా మాట్లాడినవాడు కాదు. మూసిన చెక్కకు ఎదురుగా, బడిలో తప్పు చేసిన పిల్లవాడి లాగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఫూఫీ, మేం పోతున్నం. చెయ్యి ఉత్తగ ఉన్నది. మనసొప్పుతలేదు."

  కాసేపటికి గొళ్లెం తీసిన చప్పుడైంది. రెక్క మాత్రం బెత్తెడే తెరుచుకుంది.

"నాకు తెలివి లేదంటివి గద బేటా."

"అన్న ఫూఫీ. తెలివి నాకు లేకుండె."

"ఇన్నేండ్లు గూట్ల పెట్టి పోయినవా?"

"పెట్టిన."

 తర్వాత ఫూఫీ, ముందుగాల చెయ్యి ఇటు పెట్టు అంది. మా ఆయన కోటు విప్పి, అంగీ చెయ్యి పైకి మడిచి, కుడి చేతిని ఖిడ్కీలోంచి అవతలికి చాచాడు. భుజం దాకా గోడలోకి పోయింది, చెంప గోడకు ఆనుకుంది, ముఖం నా వైపు. గోడ అవతల ఆమె ఆయన ముఖం చూడదు, ఇవతల ఆయన ఆమెను చూడడు. ఆయన కళ్లు చెమ్మగిల్లడం నేనొక్కదాన్నే చూశాను. పట్టీలు ముందే కుట్టి పెట్టి ఉన్నాయి, ఆకుపచ్చ పట్టు మీద సన్న జరీ. అలిగినా కుట్టడం మానలేదు ఆ మనిషి. ఈసారి గూట్లో పెట్టడానికి వీల్లేకుండా ముడి మీద ముడి వేసి బిగించింది. ఆ తర్వాత పిల్లది, నాది. చివరికి నా చేతిలో పిడికెడు బాదం పప్పులు పోసి, పండుగకు నీ పళ్లెం ఖాళీగ పంపిన, దిల్ ల పెట్టుకోకు అంది.

ఆ ఏడు రైలు కంటే మేమే ముందు స్టేషన్ చేరాం.

సభల మొదటి రోజు మధ్యాహ్నం మా ఆయన ప్రసంగం. పందిరి కింద చుట్టుపక్కల ఊళ్ల జనం. కోళ్లూ, గుమ్మడికాయలూ, కొత్త బియ్యపు మూటలూ కానుకలుగా తెచ్చి వేదిక పక్కన పెట్టారు. నేను ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాను.  ఆ ప్రసంగం నడిమి భాగమంతా ఆ ముసలమ్మ ముచ్చటే. అది తీసేస్తే ఏముంటుంది, తీయకపోతే నేను లేచి పోవడం ఖాయం.

బాగానే మొదలుపెట్టాడు. ఆ చోటు రాగానే ఆగాడు. ఎడమ చెయ్యి కోటు మీంచే కుడి దండచేతిని తడుముకుంది. మంచినీళ్లు తాగాడు. ఆ ముచ్చట వదిలేసి, మిగతాది చెప్పి, ముగించేశాడు. అంత పొట్టి ప్రసంగం ఆ పందిరి ఎన్నడూ విని ఉండదు. నా పక్కన కూర్చున్న అవ్వ, మీ ఆయన దేవుని మనిషమ్మా, ఆకలి తెలిసినోడు అని మెచ్చుకుంది. పెద్దల ముఖాలు కూడా కళగానే ఉన్నాయి. పట్టా వచ్చేసినట్టే అనుకున్నాను.

అప్పుడు కానుకల సంచి తిరిగింది. ఆనాటి కానుక అనాథ పిల్లల హాస్టలుకని చెప్పారు. మా ఊళ్లో సంచిలో వేసినదాన్ని లోపలికి పట్టుకుపోయి చూస్తారు. ఆ సభల్లో ఆనవాయితీ వేరు, అందరి ముందూ బల్ల మీద గుమ్మరించి ప్రార్థన చేస్తారు. గుమ్మరించారు. పైసలు, అణాలు, ఎవరో గుడ్డలో కట్టి వేసిన పసుపు కొమ్ములు, వాటి మధ్య ఆకుపచ్చ పట్టు మీద జరీ పట్టీ.

నేను నా చెయ్యి చూసుకున్నాను. నాది ఉంది. పిల్లది ఉంది. ఇక చెప్పేదేముంది. క్షేమంగా చేరాక నాణెం బీదలకు ఇవ్వాలని దారిలో నేనే ఆయనకు చెప్పి చెప్పి చంపాను. అనాథ పిల్లలని వినగానే ఆయనకు అది గుర్తొచ్చింది. ముడి విప్పుదామంటే ఫూఫీ వేసిన ముడి అది. మా ఆయన చెయ్యా, వెదురు కర్ర. పట్టీని జబ్బ నుంచి కిందికి జార్చి, మొత్తంగా సంచిలో వేసేశాడు.

నైజాం రాజ్యంలో ఆ పట్టీని గుర్తుపట్టని మనిషి లేడు. పందిరంతా గుసగుసలు. పెద్ద అయ్యగారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, ఇది ఎవరిది అని మెల్లగా అడిగారు.  మా ఆయన పలకకపోతే అడిగేవాడు లేడు. పలికితే పట్టా పోతుంది. ఆయన ముఖం పాలిపోయింది. ఇక ఆగలేక, నాదని చెప్పేద్దామని నేను చీర సర్దుకుని లేచాను. అదే క్షణాన మగవాళ్ల వైపు ఆయన కూడా లేచాడు. ఇద్దరం పందిరికి ఆ చివరా ఈ చివరా నిలబడి ఒకరినొకరు చూసుకున్నాం. నేను కూర్చోవాలని ఆయన చేత్తో సైగ చేశాడు. నేను కూర్చోలేదు.

"అయ్యగారూ, అది నాది" అన్నాడు మా ఆయన.

తర్వాత మొత్తం చెప్పాడు. గోడకు చెప్పిన ప్రసంగం, పడిన గొళ్లెం, ఖాళీ పళ్లెం, గోడలోంచి చాచిన చెయ్యి, ఆమెకు తెలివి లేదని తాను అన్న మాట. వేదిక మీద అంత బాగా ఎన్నడూ చెప్పలేదు ఆయన. చెబుతున్నది ప్రసంగమని ఆయనకు తెలియదు మరి. మధ్యలో మా పిల్ల లేచి, నాది కూడా ఉందని చెయ్యి ఎత్తి చూపించింది. జనం నవ్వారు. పెద్ద అయ్యగారు నవ్వలేదు.

"ఈ ముచ్చట ఇందాక ఎందుకు చెప్పలేదయ్యా?"

"పట్టా రాదని భయమైంది."

"భయపడి దాచిన ప్రసంగానికి పట్టా ఇయ్యలేం. వచ్చే ఏడు రా. గీ ముచ్చటనే చెప్పు. అప్పుడు ఇస్తం."

ఆ మాట అని, పళ్లు కోసే చాకుతో కుట్టు విప్పి నాణేన్ని కానుకల్లో కలిపేసి, పట్టీని మా ఆయన చేతిలో పెట్టారు. తిరుగు ప్రయాణం ఇంకా ఉంది గద అన్నారు.

రైల్లో మా ఆయన దిగులుగా ఉంటాడని నేను ఓదార్పు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన మాత్రం కిటికీ బయట జొన్నచేలు చూస్తూ కూర్చున్నాడు. ఇంత బాగుంటాయని ఎన్నడూ చెప్పలేదేం అని నన్నే తప్పు పట్టాడు.

ఆ ఏడంతా ఆయన సాధన చేయలేదు. ఉన్న ముచ్చటకు సాధన ఎందుకన్నాడు. సాయంత్రాలు గోడ దగ్గర పీట వేసుకుని ఫూఫీతో మాట్లాడేవాడు, చెక్క రెక్క సగం మూసి ఆమె అటు, ఈయన ఇటు. పాతకాలం సంగతులు, మూసీకి వరద వచ్చినప్పటి సంగతులు అన్నీ చెప్పించుకునేవాడు. ఇద్దరికీ మధ్య చాయ్ అందించడమే నా పని అయింది. పట్టా వస్తే మొదటి ప్రసంగం గోడకే చెబుతానని ఆమెకు మాటిచ్చాడు.

మళ్లీ క్రిస్మస్ వచ్చేసరికి ఫూఫీ మంచాన పడింది. దగ్గు, ఆయాసం. హకీం మందు ఇచ్చి పోతున్నాడు గాని ముఖం తేటగా పెట్టడం లేదు. బయలుదేరే పొద్దున మంచాన్ని ఖిడ్కీ దగ్గరికి జరిపించుకుంది. మా ఆయన అలవాటుగా చెయ్యి చాచాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆమె వేళ్లు వణుకుతున్నాయి, ముడి పడడం లేదు. చివరికి నేను గల్లీలోంచి చుట్టూ తిరిగి వాళ్లింట్లోకి పోయి, ఆమె చేతుల మీద నా చేతులు పెట్టి కట్టించాను. ఎముకలు తప్ప ఏమీ లేవు ఆ చేతుల్లో. నేను తిరిగొచ్చేదాకా ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత ప్రార్థన, అక్కడే, ఖిడ్కీ ముందు. ఇంజను నడిపేవాడయ్యాడు, బొగ్గు వేసేవాడయ్యాడు, ఇరుసూ ఎడ్లూ వాగూ అయ్యాయి. ఊపిరి కోసం ఆగాడు. టాంగా భాయ్ ఆ సందు కోసమే కాచుకుని ఉన్నాడు. ఆమీన్ అని కేక వేశాడు.

"ఆగు భాయ్" అన్నాడు మా ఆయన, కళ్లు తెరవకుండానే. "ఫూఫీ ఇంక రాలే."

అప్పుడు ఫూఫీ వచ్చింది ఆ ప్రార్థనలోకి. ఆమె దగ్గు, ఆయాసం, రాత్రి పట్టని నిద్ర, హకీం మందు, వణికే వేళ్లు. ఆమె కుట్టిన పట్టీలు. ఆమె ఎక్కని రైలు. గుల్బర్గా పోయిన మనిషి కూడా వచ్చాడు.  మొదట్లో నాకు రైలు ఫికరే, పోతుందేమోనని. ఒక కన్ను తెరిచి ట్రంకు వైపు చూస్తున్నాను. పట్టా పోతుందయ్యా అని మోచేత్తో పొడుద్దామని కూడా అనుకున్నాను. సభలకు తీసుకుపోయే ఎడ్లబండ్లు ఆ ఒక్క రైలుకే వస్తాయి, పట్టా పరీక్ష ఆ ఒక్క రోజే. ఆయనకు తెలియని సంగతా ఇది. తెలిసే నిలబడ్డాడు. నేను ఆ కన్ను కూడా మూసేసుకున్నాను. ఆయన మీద నాకు అంత ప్రేమ పెళ్లినాడు కూడా కలగలేదు.

ముగిసేటప్పటికి గోడ అవతలి నుంచి సన్నగా ఆమీన్ అని వినిపించింది. ఈసారి ముగించింది టాంగా భాయ్ కాదు.

కాచిగూడకు చేరేసరికి ప్లాట్‌ఫారం ఊడుస్తున్నారు. టాంగా భాయ్ ఎండలో గుర్రానికి నీళ్లు పెట్టి, ట్రంకు మళ్లీ ఎక్కించాడు. దారి పొడవునా నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మా ఆయన మాత్రం చాదర్‌ఘాట్ వంతెన మీద, చిరాకేమీ లేకుండా, దీనిలో కూడా దేవుని చిత్తం ఉందన్నాడు. ఆ ఒక్కసారి నేను ఎదురు చెప్పలేదు.

గుమ్మంలో సామాను దించుతున్న చప్పుడుకు ఖిడ్కీ కదిలింది. అప్పుడే వచ్చిన్రేంది అని ఫూఫీ అడిగింది. రైలు పోయింది ఫూఫీ, ఎక్కడికీ పోలేదు అని చెప్పాను. ఆమె కాసేపు దగ్గి, ఊపిరి కూడదీసుకుంది.

"క్షేమంగ ఇల్లు చేరిన్రు గద బేటా. పట్టీల పైసలు బీదోళ్లకు ఇచ్చెయ్యిన్రి."

మా ఆయన కోటు విప్పి, ముడి విప్పమని నా ముందుకు చెయ్యి చాచాడు.